అక్క పక్కన పలికే పేరు

నిన్ను లేపలేదు. పాలు కాచి మూత పెట్టాను. పాప బట్టలు బాల్కనీలో ఉన్నాయి, మబ్బు పడితే తీసెయ్.

పాప పేరు ఇవాళ మున్సిపల్ ఆఫీసులో ఇచ్చెయ్యాలి కదా. అందుకే పొద్దున్నే అందరూ చెప్పిన పేర్లన్నీ పెద్దదాని పేరుతో కలిపి బాల్కనీలోంచి కేకేసి చూశాను. రేపు మనం ముద్దుగా పిలిచేది తక్కువ, ఇద్దర్నీ కలిపి లోపలికి రమ్మని అరిచేదే ఎక్కువ. మీ అన్నయ్య చెప్పిన పేరు సగంలోనే నాకు ఊపిరి అయిపోయింది. మా అక్క చెప్పినదానికి కింది వాటా మాష్టారు పరిగెత్తుకొచ్చి, "ఎవరు పడ్డారండీ?" అన్నారు.

ఈ గోలకి నువ్వు కదల్లేదు గానీ పెద్దది లేచొచ్చింది. "చెల్లికి నా పేరే ఇచ్చెయ్ నాన్నా. నా గౌన్లు, ఉయ్యాల అన్నీ ఇచ్చేశాం కదా! నాకు కొత్తది కొనిపెట్టు" అంది. దాని తప్పేం లేదు, మన ఇంట్లో ఏదీ పారేస్తే కదా.

కొత్త పేరు చెల్లికే కొందాం, నువ్వే చూడు అన్నాను. వెళ్లి పాప చెవిలో ఏదో చెప్పింది. పాప నవ్వింది. గ్యాసేమోలే, మనం నవ్వే అనుకుందాం. ఆ పేరూ కేకేశాను. మాష్టారు బయటికి రాలేదు. అక్క పేరు పక్కన ఎంత బాగుందో! అదే ఇచ్చేస్తాను. నీకు తనే చెబుతుందట, లేవగానే అడుగు. నచ్చకపోతే వెంటనే ఫోన్ చెయ్.

మరిచిపోయా: అది మీ అమ్మగారు మొదటిరోజే చెప్పిన పేరు. నేను నెలంతా వద్దన్నదే. ఆవిడకి ఇప్పుడే చెప్పెయ్, నేనొచ్చేసరికి నవ్వడం అయిపోవాలి.