కాడ లేని పువ్వు

ఏమండీ,

చేపలకు జువ్వలదిన్నె పోతున్నాను. మీరు లేవగానే బియ్యం కడిగి నానబెట్టండి. మసాలా నూరి పెట్టాను, రుచి చూస్తానని వేలు పెట్టొద్దు. మొక్కలకు ఈరోజు నీళ్ళు వద్దు. నిన్న మీరు పోసినదానికే మిరపనారు తేలుతోంది.

మధ్యాహ్నం హజరాబీ వదినవాళ్ళు వచ్చేసరికి నేను పొయ్యి దగ్గరే ఉంటాను. భోజనాలకు కొత్త దస్తర్‌ఖాన్ గుడ్డ పరిచేది మీరే. కళ్ళు పోయేలా కూర్చుని దానిమీద పువ్వులు కుట్టాను. మూలనున్న పువ్వుకు మాత్రం కాడ లేదు. నా పచ్చదారమంతా తీసుకుపోయి టమాటా మొక్కలను పుల్లలకు కట్టేశారు కదా! ఇంట్లో అంత పురికొస ఉండగా నా కుట్టుపెట్టెలో దారమే కావాల్సివచ్చిందా? ఆ పువ్వు మీద పచ్చడి గిన్నె పెట్టండి. ఎవరడిగినా గిన్నె ఎత్తకుండా గరిటెతోనే వడ్డించండి.

తెల్లారగానే దారం తెంపుకుందామని కత్తెర తీసుకుని పెరట్లోకి పోయినాను. ఒక మొక్కకు గోళీ అంత కాయ కాసింది. ఊరకే తిరిగొచ్చేశాను.

సుమయ్య

వదిన గిన్నె ఎత్తి, ఈ పువ్వుకు కాడ ఏదని అడిగితే, పెరట్లోకి తీసుకుపోయి మీరే చూపించండి.