రొట్టె ఎవరు తుంచాలి?

జనవరి 6
మున్సిపాలిటీ నుంచి రఫీకా మేడమ్ తనిఖీకి వచ్చింది. ఫ్రిజ్ భేష్. నేల అద్దం. అంతలో గిరాకీలు రొట్టె తుంచుకున్న గిన్నెలు నా చేతికిస్తే, వాటిలో నేను వేడి శనగల పులుసు పోయడం చూసింది. ట్యూనిస్‌లో ఏ లబ్లాబీ కొట్టులోనైనా జరిగేది ఇదే.
"ఆ చేతులు ఎక్కడ తిరిగొచ్చాయో! అవే గిన్నెలు నీ గరిటె కిందికా?"
రెండు వారాల గడువు. మారకపోతే కొట్టుకు సీలు.
ఏముంది! ఇకనుంచి గ్లౌజులు వేసుకుని నేనే తుంచుతా. శపథం!

జనవరి 7
గ్లౌజులు. టోపీ. కొత్త ఏప్రాన్, దాని మీద నా పేరు: లమ్జెద్. మా ఆవిడ సల్వా ఫోటో తీసింది!
మొదటి బేరం ఎప్పటిలాగే హత్తాబ్ బాబాయ్‌ది. "ఇంతింత ముక్కలేంట్రా లమ్జెదూ? నేను మనిషినా, ఒంటెనా?"
చిన్నవి చేశా. ఓ టాక్సీ డ్రైవరు మూతి ముడిచాడు. "పసిపిల్లాడి బువ్వలా చేశావేంటన్నా!"
అలవాటవుతుంది. అన్నీ అలవాటవుతాయి.

జనవరి 9
పెద్దవి, చిన్నవి, మధ్యరకం. ఏవీ ఎవరికీ నచ్చలేదు. టాక్సీవాళ్లంతా ఎదుటి కొట్టుకు! చలికాలంలో లబ్లాబీ అమ్మలేనివాణ్ణి ఇంకెప్పుడు అమ్ముతాను? మాకున్నది ఈ కొట్టొక్కటే. భయమేసింది.

జనవరి 11
బాబాయ్‌కి మాత్రం మినహాయింపు. పెద్దాయన కదా.
పది గంటలకి: టాక్సీవాళ్లకూ. స్టీరింగు తప్ప ఏం ముట్టుకుంటారు పాపం? (డబ్బులు, ముక్కు... సరే, వదిలేద్దాం.)

జనవరి 15
గ్లౌజులతో గరిటె జారుతోంది. తీసేశా. టోపీ ఉందిగా! అదీ శుభ్రతే.

జనవరి 20
వాన. కొట్టు కిటకిట. అందరూ హాయిగా తుంచుకుంటున్నారు. గుమ్మంలో రఫీకా మేడమ్!
రొట్టెలన్నీ బల్లల కిందికి. బాబాయ్ ఏకంగా గిన్నె మీద కూర్చోబోయాడు. నేను గబగబా గ్లౌజులు తొడుక్కుని ఆమెకు తుంచబోయా.
"అలా తుంచితే పులుసు పీల్చదు, ఇటివ్వు," అని తనే తుంచుకుని గిన్నె చాచింది. నా ప్రాణం లేచొచ్చింది! నిండా పోశా. రెండు గుడ్లు కొట్టా. ఆమె ముట్టలేదు. గిన్నె పక్కన పెట్టి కాగితం తీసింది.
"తప్పావు."
"మీరే తుంచుకున్నారు కదా మేడమ్!"
"పొద్దుట్నుంచి నాలుగు వంటిళ్ల తూముల మూతలెత్తి చూసొచ్చాను, ఈ చేతులతోనే. కడుక్కోమని ఒక్కమాటన్నావా?"
మిగతావన్నీ శుభ్రంగా ఉన్నాయని ఇంకో వారం ఇచ్చింది. ఆఖరుసారి. చేతులు కడుక్కుంటే ఎవరి రొట్టె వాళ్లే తుంచుకోవచ్చట! ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా అంటే, "నువ్వడిగావా?" అంది.

జనవరి 21
కొత్త శపథం! గుమ్మం పక్కన కుళాయి, సబ్బు. కడుక్కోనిదే గిన్నె ఇచ్చేది లేదు.
బాబాయ్ మండిపడ్డాడు. "నా చేతులు మురికివంటావురా?" విసవిసా వెళ్లిపోయాడు. ఆకలేసి తిరిగొచ్చాడు. మోచేతుల దాకా తోముకుని వేళ్లు నా ముక్కు కింద పెట్టాడు. "చూడు వాసన!"
సబ్బు వాసనే. గర్వంగా గిన్నె అందించబోయాను.
"ఆగరా. మరి నీవి?"
పొద్దున్నే తాళం తీశాను. బూట్లు తుడిచాను. కుళాయి బిగించాను. ఆ చేతులతోనే...
కొట్టంతా నాకేసి చూస్తోంది. గిన్నె పక్కన పెట్టి, వెళ్లి కుళాయి దగ్గర వరసలో ఆఖరున నిలబడ్డాను. శపథం ఇప్పుడు మొదలు.