గట్టు మీద ఎర్రచీర

భూపాలపల్లి

సౌందర్యా, నేను బాగానే ఉన్నాను, రంది పెట్టుకోకు. ఊరి బయట ఈ చేన్లలో ఫోన్ అందదు. నేను పనికి కుదిరిన సేటు ట్రాక్టర్‌లో చిన్న తెర ఉంది. దాని మీది గీత వెంట పోతే సాలు తిన్నగా వస్తుంది, పక్కకు జరిగితే ఎర్రలైటు వెలుగుతుంది. మన చెల్కలో అవతలి గట్టున నువ్వు నిలబడితే నీ ఎర్రచీర చూసుకుంటూ మొదటి సాలు తోలేవాణ్ణి కదా, నిన్న కూడా అలవాటుగా గట్టు వైపే చూశాను. లైటు వెలిగింది, సాలు వంకరపోయింది.

"గటెందుకు జూస్తున్నవ్ నగేషూ? తెర జూడరాదు!" అని సేటు కసిరాడు.

పాప దగ్గు తగ్గిందా? బాపుకు దండాలు. వాన పడితే చెల్క దున్నమని తమ్ముడు కుమార్‌కు చెప్పు. మొదటి సాలుకు ఎదురుగా కట్టె పాతుకోమను. నేను వచ్చేదాకా నువ్వు మాత్రం గట్టున నిలబడకు.

నీ నగేష్