సంతకం లేని తనిఖీ పత్రం

గృహసముదాయం మేనేజర్ గారికి,

నమస్కారం. లిఫ్టు బాగుపడిందని నివాసుల తరఫున సంతకం పెట్టమని మీరు పంపిన తనిఖీ పత్రాన్ని సంతకం లేకుండానే తిప్పి పంపుతున్నాను. లిఫ్టు కదలడం లేదు. తలుపుకు రంగు మాత్రం వేశారు. "రంగు పూస్తే కుంటిగుర్రం పరిగెడుతుందటే?" అని మా నాయనమ్మ నవ్వుతోంది. ఆమె నాలుగో అంతస్తు నుంచి కిందికి దిగక ఇరవై రోజులైంది.

నన్ను కమిటీలోకి తీసుకున్న రోజు మీరు గుమాస్తాతో, "నోట్లో నాలుక లేని పిల్ల, పెట్టమన్నచోట పెడుతుందిలే" అనడం విన్నాను. నలుగురిలో నాకు గొంతు పెగలని మాట నిజమే. అందుకే రాస్తున్నాను. ఈ ఉత్తరం నకలు ప్రతి అంతస్తులోనూ అంటించాను.

గురువారం రండి. మీరే లిఫ్టులో పైకి వెళ్లి మా నాయనమ్మను తీసుకురండి. నేను కలం పట్టుకుని కింద నిలబడి ఉంటాను.

ఇట్లు,
మూడో బ్లాకు నివాసుల ప్రతినిధి