ఖాళీ గిన్నె రొద

ప్రియమైన పిచ్చుకా,

కణాలు నోరు మూసుకున్నాయని నీ సాఫ్ట్‌వేర్ చెబితే నమ్మేస్తావా? కొత్త మందు వేశాక గుండెదడ పెంచే రసాయనాన్ని అవి వదలడం మానేశాయనీ, వదిలినప్పుడల్లా కరెంటు గీతలో పైకి లేచే స్పైకు ఒక్కటీ లేదనీ మురిసిపోతూ రాశావు. సరే, ఒక్కటి చెప్పు. ఏది యంత్రం రొదో, ఏది కణం పలుకో ఎక్కడ విని తేల్చావు? నేను ప్రార్థన హాలు ఖాళీగా ఉన్నప్పుడే మైకు సరిచూస్తాను. జనం గుసగుసల మధ్య సరిచూస్తే ఆ గుసగుసల్నే రొద అనుకుంటుంది; వెనక బెంచీ అవ్వ సన్నగా అన్న ఆమెన్ మింగేస్తుంది. ప్రవక్తకి దేవుడు పెనుగాలిలో దొరికాడా? సన్నని స్వరంలో దొరికాడు తల్లీ!

నా గుండెదడ సంగతి అడగకు. డాక్టరుగారు ఏదో దారి చూపిస్తానన్నారు.

నీ కోసం మోకరిల్లే
అన్నయ్య

ప్రియమైన అన్నయ్యా,

నీ మైకు గోల మా ల్యాబుకెందుకని నవ్వాను. తర్వాత నవ్వు ఆగిపోయింది. కణాల్లేని ఖాళీ గిన్నెలో కొలవాల్సిన రొదని కణాలున్న గిన్నెలోనే కొలిచాను. ఏ గిన్నె రొద ఆ గిన్నెలోనే కొలిస్తే నిక్కచ్చిగా ఉంటుందనుకున్నాను. చిన్న స్పైకులన్నీ రొదలో కలిసిపోయాయి. ఇవాళ సరిచేసి నడిపితే, ఒక్క గిన్నెలోనే నాలుగు వందల పన్నెండు స్పైకులు! మందు పెద్దవాటినే ఆపింది.

మా మేడమ్ తలుపు దాకా వెళ్లాను. లోపల ఎవరికో "మా పిల్ల రాసిందే" అని నా సాఫ్ట్‌వేర్ చూపిస్తున్నారు. తట్టకుండానే వెనక్కి తిరిగాను. గురువారం మొదటి రోగులకి ఆ మందు ఇస్తారు, పాత మాత్రలు మాన్పించి. ఆ హడావిడి అయ్యాక శుక్రవారం చెబుతాను. తిట్టకు.

నీ పిచ్చుక

ప్రియమైన పిచ్చుకా,

పోస్టుని నమ్మక మెకానిక్ బావతో పంపుతున్నాను. నువ్వు కదిలేదాకా గుమ్మంలోంచి కదలడు.

తిట్టను. పాపం ఒప్పుకోండని ముప్పై ఏళ్లుగా గొంతు చించుకుంటున్న నేనే నీ దగ్గర దాచాను. రేపు ఆ మందు మింగేవాళ్లలో మూడోవాణ్ణి నేను. మైకు ప్రశ్న జ్ఞానంతో అడిగింది కాదు, భయంతో అడిగింది.

నాదేముంది, నీ ఉత్తరం చదవగానే మళ్లీ పాత మాత్ర వేసుకున్నాను. జాబితాలో నా ముందు ఇద్దరున్నారు: ఒక బస్సు డ్రైవరు, ఒక బడి టీచరమ్మ. నేను చెప్పి చూశాను. "ప్రసంగాలాయనకి మందంటే భయం" అని నవ్వారు. వాళ్లకి ఉత్తరం రాసే చెల్లెలు లేదు. తప్పిపోయిన ఒక్క గొర్రె కోసం వెళ్లిన కాపరి శుక్రవారం దాకా ఆగాడా?

ఆ నాలుగు వందల పన్నెండూ కాగితం మీదకి తీసుకో. చెప్పులు వేసుకో. మేడమ్ తలుపు ఈ రోజే తట్టు, ఇప్పుడే.

అన్నయ్య