రెండో అధ్యాయంలో కడిగిన కప్పు

చిరంజీవి మనవరాలికి, నీ అమ్మమ్మ మనసారా ఆశీర్వదించి రాస్తున్నది.

ఇక్కడ అందరం క్షేమం. అంటే, మీ అమ్మకి మోకాలి నొప్పి, మీ నాన్నకి ఆ నొప్పి గురించి రోజూ వినే ఓర్పు, నాకు వాళ్లిద్దరినీ చూస్తూ కూర్చునే తీరిక, అన్నీ సమృద్ధిగా ఉన్నాయి. నువ్వు కూడా అక్కడ వేళకి తిని, వేళకి పడుకుని క్షేమంగా ఉన్నావని తలుస్తాను. పోయిన ఉత్తరంలో బాగానే తింటున్నానని రాశావు గానీ ఏం తింటున్నావో రాయలేదు. సాక్ష్యం లేని మాట నేను నమ్మనని నీకు తెలుసు.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. అందులో ఐదు ప్రశ్నలున్నాయి. వరసగా జవాబు చెబుతాను. ఐదోది చదివినప్పుడు మాత్రం కళ్లద్దాలు తీసి కాసేపు పక్కన పెట్టుకోవలసి వచ్చింది. దాని దగ్గరికి మెల్లగా వస్తాను. తొందరపెట్టకు.

మొదటిది నా కన్ను. ఆపరేషన్ అయి ఏడు వారాలు దాటింది. డాక్టరు కొత్త అద్దాలు రాసిచ్చాడు. అన్నీ స్పష్టంగా కనబడుతున్నాయి. ఇంట్లో ఇంత దుమ్ముందని ఇన్నాళ్లూ నాకు తెలియదు. అమ్మకి చూపు వచ్చిందన్న సంతోషం మీ అమ్మకి సరిగ్గా రెండు రోజులు నిలిచింది. చుక్కల మందు వేసుకుంటున్నాను. ఆ డాక్టరు చెయ్యి చల్లగా ఉండాలి, ఇలా కాగితం మీద నా అక్షరాలు నేనే చూసుకుంటున్నానంటే ఆయన చలవే. వరసలు కాస్త పైకి పోతున్నాయి, అది కంటి దోషం కాదు, బల్లది.

రెండోది, మీ అమ్మ ఇంకా నీ గురించి బెంగపడుతోందా అని. పడకపోతే ఆవిడకి పొద్దెలా పోతుంది? అయితే నీ పుస్తకం వచ్చాక బెంగ దారి మారింది. ఇదివరకు, ల్యాబులో రోజంతా ఎవరెవరి రక్తమో పరీక్షిస్తూ నీ ఒళ్లు పాడుచేసుకుంటావని భయం. ఇప్పుడు, విషం గురించి ఇంత వివరంగా రాసిన పిల్లని ఎవరు చేసుకుంటారని భయం. మర్యాదగా మసలుకునేవాడు చేసుకుంటాడని చెప్పాను. ఆవిడకి నవ్వు రాలేదు. మీ నాన్నకి వచ్చింది గానీ, లోపలే ఉంచుకున్నాడు.

మూడోది, పుస్తకం మా వీధి గ్రంథాలయానికి ఇచ్చానా అని. నాలుగోది, చదివినవాళ్లు ఏమంటున్నారని. ఇచ్చాను. ఏమంటున్నారో చెబుతాను, కుర్చీలో సరిగ్గా కూర్చో.

మా లైబ్రేరియన్ పద్ధతి నీకు ఎప్పుడూ చెప్పినట్టు లేదు. ప్రతి పుస్తకం చివర అట్టకి లోపలివైపు ఒక తెల్లకాగితం అంటిస్తాడు. పుస్తకం తిరిగిచ్చేవాళ్లు దానిమీద తమ అభిప్రాయం రెండు ముక్కలు రాయాలి. పేరు రాస్తే మొహమాటాలు వస్తాయని, చేసే పని మాత్రం రాయమంటాడు. హత్యల పుస్తకమైతే ఇంకో నియమం, హంతకుడెవరో బయటపెట్టకూడదు. నీ పుస్తకానికి మొదటి కాగితం నిండిపోయి రెండోది అంటించాడు. వంటల పుస్తకానికి తప్ప ఇంతకుముందు ఆ గౌరవం దేనికీ దక్కలేదట.

పళ్ల డాక్టరు, "నలభై పేజీలు ఎక్కువ. నొప్పి ఉన్న చోటికి త్వరగా వెళ్లాలి" అని రాశాడు. ముందుగదిలో మనుషుల్ని రెండేసి గంటలు కూర్చోబెట్టే ఆయనకి నీ నలభై పేజీలు బరువయ్యాయి. కారు నడపడం నేర్పే ఆయన, కథ బాగా పరుగెత్తిందనీ, ఆ గడియారాలు బాగుచేసే ముసలాయన మూడో అంతస్తు గదిలో చచ్చిపడి ఉన్నది మొదలు తను పుస్తకం కింద పెట్టలేదనీ రాశాడు. ఆ వారం ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్లు రోడ్డు మీద ఎలా ఉన్నారో నేను అడగలేదు.

అసలు గొడవ నీ ముగింపు మీద. ఇన్‌స్పెక్టరు హంతకురాలి గుమ్మం ముందు నిలబడి బెల్లు నొక్కుతాడు, తలుపు తెరుచుకోకముందే నువ్వు కథ ఆపేశావు. లెక్కల టీచరు, "సమాధానం వేయకుండా వదిలేసిన లెక్కకి మార్కులుండవు" అని ఎర్ర సిరాతో రాసింది. దాని కిందే ఒక నర్సు, "మా వృత్తి మీద ఇంత నింద వేసినందుకు కోపం వచ్చింది. అయినా రెండుసార్లు చదివాను. ఆ తలుపు తెరవకపోవడమే మంచిదైంది" అని రాసింది. ఆ మొదటి వాక్యంతో హంతకురాలు నర్సేనని ఊరంతటికీ తెలిసిపోతుంది కదా, లైబ్రేరియన్ లబోదిబోమంటూ దానిమీద కాగితం అంటించాడు. వెలుతురుకి పెట్టినా కనబడకూడదని ఇంకొకటి కూడా. మంచి పుస్తకమని ఒకరు, మోసమని ఒకరు, మోసం చేసింది గనకే మంచిదని ఇంకొకరు. మొత్తం పంతొమ్మిది మంది రాశారు. ఒక్కళ్లు కూడా హంతకురాల్ని ముందే పట్టానని రాయలేదు. ఈ మాట గుర్తుంచుకో.

ఇక ఐదోది.

నువ్వు ఇలా రాశావు: "రెండో నవల సగంలో ఆపేశాను అమ్మమ్మా. నువ్వొక్కదానివే మొదటిదాంట్లో హంతకురాల్ని రెండో అధ్యాయంలోనే పట్టేశావు. ఎక్కడ దొరికిపోయానో ఎన్నిసార్లు చదువుకున్నా తెలియడం లేదు. అది తెలియకుండా ఇంకోటి రాస్తే అదే తప్పు చేస్తాను. ఒకటో తారీఖులోగా రాయలేనని పబ్లిషరుకి చెప్పేద్దామనుకుంటున్నాను. నీకు గుర్తుంటే చెప్పు, నన్నెక్కడ పట్టావు?"

ఇదే ప్రశ్న ఇంతకుముందు రెండుసార్లు అడిగావు. ఒకసారి, చదువుతుంటే తెలిసిపోయిందిలే అన్నాను. ఇంకోసారి, మా ప్రెస్సులో నా కన్ను తప్పించుకున్న తప్పు లేదని గొప్పలు చెప్పాను. ఇదంతా ఫోనులో చెప్పొచ్చు కదా అంటావు. ఫోనులోనైతే నేను మాట మార్చేస్తాను. కాగితం మీద అయితే, కొట్టేసినా కొట్టేసినట్టు కనబడుతుంది.

నేను ముప్ఫై ఎనిమిదేళ్లు ప్రూఫులు దిద్దానని నీకు తెలుసు. ఎలా దిద్దేదాన్నో తెలియదు. మా ఫోర్‌మన్ మొదటిరోజే చెప్పాడు, కథలో పడ్డావంటే అక్షరం కనబడదు, వెనక నుంచి రా అని. కంపోజ్ చేసేవాడు చివరికి వచ్చేసరికి అలిసిపోతాడు, తప్పులన్నీ అక్కడే కుప్పపడతాయి. అందుకని చివరి ఫారం, అంటే చివరి పదహారు పేజీలు, ముందు చదివి, దాని ముందుది తర్వాత చదివి, అలా మొదటికి చేరేదాన్ని. ఎన్ని వందల నవలలు నా చేతిమీదుగా పోయాయో. ఎవరు చచ్చారో ముందు తెలిసేది, ఎందుకు పుట్టారో తర్వాత తెలిసేది. ఉద్యోగం మానేశాక కూడా ఆ అలవాటు పోలేదు.

నువ్వు నీ రాతప్రతి పంపినప్పుడు ఎర్రపెన్ను తీసుకుని చివరి అధ్యాయం ముందు తీశాను. బెల్లు నొక్కింది ఎవరి తలుపుకో చూశాను. ఆ తర్వాతే మొదటికి వచ్చాను. రెండో అధ్యాయంలో, పోలీసులు వచ్చేలోపు నర్సు ఆ ముసలాయన తాగిన కప్పు కడిగి బోర్లించిందన్న చోట, ఓస్, ఇంత తేలిగ్గా దొరికిపోయిందే అనుకున్నాను. చేతిలో జవాబు పట్టుకుని లెక్క తేలికని అన్నదాన్ని నేను. వెంటనే ఫోను చేసి, రెండో అధ్యాయంలోనే తెలిసిపోయిందే పిల్లా అన్నాను. నువ్వు "అవునా అమ్మమ్మా" అని ఊరుకున్నావు. ఆ ఊరుకోవడం నాకు వినబడింది. అప్పుడే చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. ఎందుకంటే, ఆ వేళ నీకంటే తెలివైనదాన్ననిపించుకోవడం నాకు బాగుంది. ఈ ఒక్క వాక్యం రాయడానికి పద్నాలుగు నెలలు పట్టింది. నీకు అనుమానం పెట్టి, నీ పుస్తకంలో లేని తప్పుని నీచేత ఇన్నాళ్లూ వెతికించాను. నన్ను క్షమించు తల్లీ.

నిన్ను నేనెక్కడా పట్టలేదు.

నాకు ఈ సంగతి ఎలా తెలిసొచ్చిందో కూడా విను. ఆపరేషన్ తర్వాత నెలన్నర చదవకూడదన్నారు. కింద వాటాలో ఉండే దర్జీ ఆవిడ, మధ్యాహ్నం షాపు కట్టేశాక, గుండీలు కుట్టాల్సిన బట్టలు ఒళ్లో వేసుకుని పైకి వచ్చేది. కాసేపు కుట్టి, కాసేపు నీ పుస్తకం చదివి వినిపించేది. మొదటిరోజు అలవాటు కొద్దీ, చివరి అధ్యాయం ముందు చదవమన్నాను. "గుండీలు కుట్టి, ఆ తర్వాత గుడ్డ కత్తిరిస్తామా అమ్మగారూ?" అని మొదటి పేజీ తీసింది. కంటికి కట్టు కట్టుకుని ఉన్నదాన్ని, ఎవరితో పోట్లాడను?

రెండో అధ్యాయం వచ్చింది. కప్పు దగ్గర ఇప్పుడు ఆగుతుంది చూడు అని చెవులు రిక్కించుకుని కూర్చున్నాను. ఆగింది. ఆగి, "పాపం, అంత ఏడుపులోనూ ఇల్లు సర్దింది చూడండి ఆ పిల్ల" అంది. నేను తప్పనుకున్న చోట ఆవిడకి మంచితనం కనబడింది. నువ్వు సరిగ్గా అలాగే కనబడాలని రాశావు. మర్నాటికి కరెంటు మీటరు చూసేవాడి మీద అనుమానపడింది. వారం తిరిగేసరికి పోయినవాడి తమ్ముడే చంపాడని ఒట్టేసింది. తమ్ముడు చేసి ఉంటే ఊరుకోనని నాతో దెబ్బలాడింది, వాణ్ణి నేనేదో దాస్తున్నట్టు. ఆవిడ తెలియక తడుముకుంటూ ఉంటే, ఆవిడ పక్కన కూర్చుని నేనూ తడుముకున్నాను. తెలిసి కూడా.

గుమ్మం దగ్గర బెల్లు మోగిన రోజున ఆవిడ చదవడం ఆపింది. గాలి ఆడించిన పేజీని మళ్లీ వెనక్కి తిప్పుకుంది. చివరికి, "నాకు ఆ పిల్ల మీద కోపం రావట్లేదండీ. నా మీద నాకే వస్తోంది" అంది.

నాకు కన్నీళ్లు వచ్చాయి. కొత్తగా కోసిన కంటికి కన్నీళ్లు మంచివి కావని డాక్టరు చెప్పాడు, అందుకని ఆయనకి చెప్పలేదు. ఇంత వయసొచ్చాక, మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా వరసగా నేను విన్న మొదటి నవల నీది. ముప్ఫై ఎనిమిదేళ్లు పుస్తకాల్లోనే బతికి, కథ అంటే ఏమిటో తెలియకుండానే వెళ్లిపోయేదాన్ని. నువ్వు రాశావు గనక, ఆవిడ చదివింది గనక, నాకు ఆ మధ్యాహ్నాలు దక్కాయి. అమ్మమ్మలు మనవరాళ్లకి కృతజ్ఞతలు చెప్పడం మామూలు కాదనుకుంటాను. మామూలు కాకపోయినా చెబుతున్నాను.

ఆపేసిన నవలలో ఎవరు చచ్చారో నాకు తెలియదు. ఎవరు చంపారో అసలే తెలియదు. దాని గురించి నాకొక్క ముక్క కూడా చెప్పకు. పూర్తయితే దర్జీ ఆవిడ పేరున పంపు, నా పేరున వద్దు. నా బుద్ధి నాకు తెలుసు. ఇక ఒకటో తారీఖున పబ్లిషరుకి ఏం చెబుతావో అది నీ ఇష్టం. నీ తప్పేమీ లేదన్న సంగతి మాత్రం తెలిసి చెప్పు. ఆ రోజున నేను ఫోను చేసి కనుక్కోను. నువ్వు ఏం చేస్తావో తెలియకుండా ఎదురుచూస్తాను. కష్టంగానే ఉంది, కానీ బాగుంది.

ఇట్లు,
ఈసారి ముందే ఏమీ తెలియని
నీ అమ్మమ్మ