చాండ్లర్‌లో మూడు, కాపెల్‌లో నాలుగు

ఫిబ్రవరి 21, శనివారం

టికెట్లు దొరికాయి!! దొరికాయి!! అక్షరాలు చూడు, ఎలా గెంతుతున్నాయో.

'మా పక్కింటి అమ్మాయి గంట ముందు బతుకుతోంది, నేనేం చెయ్యను?' సినిమా. ఈ జపాన్ వాళ్ళు నవలలకి పేర్లు పెట్టమంటే కథంతా పెట్టేస్తారు. మేం 'పక్కింటమ్మాయి' అంటాం, అంతే. అమెరికాలో రెండు రోజులే వేస్తారట. మార్చి 8 ఆదివారం, ఇక్కడ అరిజోనాలో, చాండ్లర్‌లో నాకు మూడు గంటల షో. టెక్సాస్‌లో, కాపెల్‌లో, శనివారాలు ఫోన్‌లో నాతో ఈ నవల చదివే వంశీకి నాలుగు గంటల షో. టెక్సాస్ వాళ్ళు మాకంటే గంట ముందు కాబట్టి ఇద్దరికీ ఒకేసారి మొదలు. వెయ్యి మైళ్ళ దూరంలో కూర్చుని ఒకే క్షణంలో ఒకే సీన్ చూడబోతున్నాం. ఐడియా నాదే. నా భుజం నేనే తట్టుకుంటున్నాను.

"యూకో, తోషీ కూడా గంట తేడాలోనే బతుకుతరు, మనం గూడ గంతే," అన్నాడు వంశీ, నవల్లో జంటని తలుచుకుని. అని నవ్వాడు. వాడు నవ్వితే నాకు పని సాగదు.

ఫిబ్రవరి 22, ఆదివారం

టీవీ సిరీస్ మళ్ళీ మొదటినుంచి పెట్టాను. వాషింగ్ మెషీన్ చాప్టర్ మొత్తం కోసేశారు దుర్మార్గులు. ఇప్పటికీ క్షమించలేదు.

ఫిబ్రవరి 24, మంగళవారం

వంశీకి చాండ్లర్‌లో ఆఫర్!

మా కంపెనీ కాదు, రోడ్డవతల ఇంకో చిప్ కంపెనీ. మధ్యాహ్నం ఫోన్ చేసి మామూలుగా, వాతావరణం సంగతి చెప్పినట్టు చెప్పాడు. నేను క్యాంటీన్‌లో ట్రే పట్టుకుని అలాగే నిలబడిపోయాను. సాంబారు చల్లారిపోయింది.

"తీసుకుంటావా?" అన్నాను.

"ఇక్కడ గ్రీన్‌కార్డ్ ప్రాసెస్ మొదలుపెడ్తం అంటున్నరు. అది వదులుకోవాలె. అక్కడికొస్తే వీసా ట్రాన్స్‌ఫర్, అన్నీ మళ్ళ మొదటికొస్తయి…"

"ఊఁ."

"మార్చి తొమ్మిది, సోమవారం లోపల చెప్పాలె. సినిమా చూసినంక చెప్త."

సినిమాకీ ఆఫర్‌కీ ఏంటి సంబంధం? అడగలేదు. అడగాల్సింది. ఎందుకడగలేదో ఈ పేజీకి చెప్పేస్తాను — నాకు వంశీ అంటే ఇష్టం. అక్టోబర్ నుంచీ ఇష్టం. రాసేశాను. హమ్మయ్య.

వాడొస్తే పక్క వీధిలో ఉంటాడు. రాకపోతే ఫోన్‌లోనే ఉంటాడు, ఎప్పటిదాకానో తెలీదు. వాళ్ళమ్మగారు సంబంధాలు చూస్తున్నారని పోయిన నెల తనే చెప్పాడు.

ఫిబ్రవరి 28, శనివారం

ఐదింటికి చదువు. ప్రతి శనివారంలాగే ఫోన్ స్పీకర్‌లో, ఇద్దరి చేతుల్లోనూ ఇంగ్లీష్ పుస్తకం, నోటికొచ్చిన తెలుగు. ఆఖరి పుస్తకంలో చివరి నుంచి రెండో చాప్టర్. యూకో మాటలు నావి, మా కోనసీమ యాసలో. తోషి మాటలు వాడివి, కరీంనగర్ యాసలో. టోక్యోలో పుట్టిన పిల్ల "ఆయ్, ఇంకో గంటకి మీరు మెట్ల మీద జారి పడతారండి, కాస్త చూస్కోండి" అంటుంటే, ఆ తోషి "గదేంది పిల్లా, పడ్డంక చెప్తున్నవా!" అంటున్నాడు. రాసినావిడ వింటే ఏమైపోతుందో.

యూకో ఫ్లాట్ గంట ముందుంటుంది, తోషి ఫ్లాట్ గంట వెనక. మధ్యలో ఒక్క గోడ, రెండు బాల్కనీలు. తోషి ఏమడగబోతున్నాడో ఆమెకి ముందే తెలిసిపోతుంది కాబట్టి ఎప్పుడూ అడక్కముందే జవాబు చెప్పేస్తుంది. ఆఖరి పుస్తకంలో ఆ గంట తేడా పెరగడం మొదలవుతుంది. పుస్తకం అక్కడే ఆగిపోయింది. ముగింపు సినిమాలోనే చెబుతానంది రచయిత్రి. అందుకే ప్రపంచంలో ఎవరికీ తెలీదు. అందుకే నాకు నిద్ర లేదు.

ఇవాళ తోషి మాటొకటి చదువుతూ వంశీ మధ్యలో ఆగిపోయాడు. "ఏమైంది?" అన్నాను. "ఏం లే. మంచిగున్నది లైను," అన్నాడు. ఆ లైన్ ఏంటంటే — నువ్వున్న చోట నాకెప్పుడూ ఆలస్యమే అవుతోంది.

పుస్తకం మూసేశాక మొహం కడుక్కొచ్చాను.

మార్చి 2, సోమవారం

లావణ్యకి చెప్పేశాను. రూమ్మేట్‌కి కాకపోతే ఎవరికి చెప్తాను?

"ఇంకా మొహం కూడా సరిగ్గా చూడనివాడు."

"వీడియో కాల్‌లో చూశాగా!"

"బొమ్మల పుస్తకం చదివి ప్రేమించుకున్నామని మీ నాన్నకి చెప్పు, చెప్పు… నేను పక్కనుండి చూడాలి."

"బొమ్మల పుస్తకం కాదే, నవల. బొమ్మల పుస్తకం తర్వాతొచ్చింది. దాని తర్వాత టీవీ. మధ్యలో నిజం మనుషులతో తీసిన డ్రామా ఒకటి, అందులో తోషి మా మేనేజర్‌లా ఉంటాడు, అది లెక్కలోకి రాదు."

వాళ్ళ గుంటూరు వెటకారంతో దణ్ణం ఒకటి పెట్టి పోయింది. కానీ ఆదివారం సినిమాకి వస్తానంది. పాప్‌కార్న్ నేనే కొనాలట.

మార్చి 5, గురువారం

ఇంకా ఆదివారం రాలేదు. ఏంటీ వారం, సాగుతూనే ఉంది!

మార్చి 7, శనివారం

ఆఖరి చాప్టర్ అయిపోయింది. వంశీ వెనక వాళ్ళ అక్క పిల్లల గోల, నా వెనక లావణ్య మిక్సీ.

రూల్ పెట్టాడు. "రేప్పొద్దుగాల్నుంచి సైలెన్స్. మెసేజ్ లేదు, కాల్ లేదు. సినిమా అయినంకనే. అయినంక నేనొకటి అడుగుత. వెంటనే చెప్పాలె. ఆలోచిస్త అనొద్దు."

"ఏమడుగుతావ్?"

"నువ్వు యూకోవి గదా, నీకు ముందే తెల్వాలె."

అబ్బా! ఏం మాటన్నాడు! దిండులో మొహం పెట్టుకుని అరిచాను. లావణ్య పరిగెత్తుకొచ్చింది, బల్లి అనుకుందట.

మార్చి 8, ఆదివారం, మధ్యాహ్నం

తయారయ్యాను. పసుపు కుర్తా. చీకట్లో ఎవరు చూస్తారని లావణ్య వెటకారం. నేను చూసుకుంటానే!

వెళ్తున్నాను. పేజీ, వచ్చాక మాట్లాడతా.

అదే రోజు, సాయంత్రం

ఏమీ అర్థం కావట్లేదు. వరసగా రాస్తాను, అప్పుడైనా అర్థమవుతుందేమో.

హాలు నిండింది. సినిమా మొదలైంది. అద్భుతం. వాషింగ్ మెషీన్ సీన్ పెట్టారు, మొత్తం పెట్టారు, నేను ఏడ్చేశాను. సగం దాటింది… ఒళ్ళో ఫోన్ వణికింది. ఆపడం మర్చిపోయాను. చూస్తే వంశీ. కనబడింది ఇంతే — 'చూసినవ్ గదా! తోషి ఆఖర్న…'

ఆఖర్నా?! నాకింకా గంట సినిమా ఉంది!

నా ఒళ్ళు మండిపోయింది. ఎక్కడో ముగింపు ముందే చదివేసుకున్నాడు దొంగవెధవ, రూల్ తనే పెట్టి తనే తప్పాడు అనుకున్నాను. ఇంకో అక్షరం కళ్ళబడకముందే ఫోన్ ఆఫ్ చేసి బ్యాగ్‌లో అడుక్కి తోసేశాను.

ముగింపు. రాయాలి, చెయ్యి ఆగదు. గంట తేడా పెరిగి పెరిగి ఇక రేపు బాల్కనీలు కనబడవు అన్న రోజు, తోషి ఉతికిన బట్టల బుట్ట చంకలో పెట్టుకుని గోడ దాటుతాడు. ఎవరూ దాటకూడని గోడ. దాటితే తన గంట తనకి మళ్ళీ దొరకదు. దాటి, 'నీ గంటకి నేనొచ్చేస్తున్నాను, ఉండనిస్తావా?' అంటాడు. యూకోకి అది ముందే తెలీదు. మొదటిసారి తెలీదు. నోరు తెరుస్తుంది… తెర నల్లబడింది. అంతే! జవాబు లేదు! హాల్లో అందరూ 'హే!' అని అరిచారు.

అప్పుడు కూర్చున్న చోటే నాకు వెలిగింది. వంశీ మెసేజ్. 'తోషి ఆఖర్న…' అని వచ్చిన ముక్క.

బయటికొచ్చి ఫోన్ ఆన్ చేశాను.

'చూసినవ్ గదా! తోషి ఆఖర్న అన్న మాటనే నాది గూడ. యూకో చెప్పలే. నువ్వు చెప్పు.' నా ఫోన్ టైమ్ ప్రకారం నాలుగూ పన్నెండుకి వచ్చింది.

తర్వాత, 'ఉన్నవా?'

తర్వాత, 'వెంటనే చెప్పాలె అన్న గదా. సరే. సమజైంది.'

తర్వాత, 'ఏం ఫీల్ కాకు. ఆఫర్‌కి నో అని మెయిల్ కొట్టిన. మనం ఎప్పటిలెక్కనే చదువుకుందాం.'

లాబీలో గోడకి ఆనుకుని నిలబడ్డాను. లావణ్య ఫోన్ లాక్కుని చదివింది. "నాలుగూ పన్నెండుకి వీడి సినిమా ఎలా అయింది? మనది ఇప్పుడేగా అయింది." ఇద్దరం మొహమొహాలు చూసుకున్నాం. తనే ముందు నెత్తి కొట్టుకుంది. "ఓసి మొద్దూ! ఇవాళ వాళ్ళకి టైమ్ మారింది! మార్చిలో గడియారాలు గంట ముందుకి జరుపుతారు. అరిజోనాలో జరపరు. నేను న్యూజెర్సీలో ఉన్నప్పుడు ఏటా ఇదే గొడవ!"

అమెరికా వచ్చిన రోజునుంచీ నేను అరిజోనా దాటలేదు. ఇక్కడ గడియారం ముట్టుకోరు. ఇండియాలో ముట్టుకోరు. వాడి ఫోన్ వాడు నిద్రలో ఉండగా దానంతటదే మారిపోయి ఉంటుంది, వాడికీ తట్టలేదు. వాడి నాలుగు నా రెండు! వాడు నాకంటే గంట ముందు చూసేశాడు, గంట ముందు అడిగేశాడు, గంటసేపు ఎదురుచూశాడు. నేనేమో వాడిని దొంగవెధవ అని తిట్టుకుంటూ పాప్‌కార్న్ తిన్నాను.

యూకోని నేననుకున్నాను. ఇవాళ వాడే యూకో.

ఫోన్ చేస్తే ఎత్తట్లేదు. మళ్ళీ చేశాను. ఆదివారం సాయంత్రం వాళ్ళ అక్క పిల్లలు వాడి ఫోన్ లాక్కుని ఆటలాడి ఛార్జింగ్ అవగొట్టి ఇస్తారు, నాకు తెలుసు. మెసేజ్ పెట్టాను — 'నా షో అప్పటికింకా అవ్వలేదు. ఫోన్ చెయ్యి.' ఒక్క టిక్కే.

జవాబు కూడా అందులోనే రాసెయ్యమంటుంది లావణ్య. రాయను. వాడు గోడ దాటాడు. నేను టైపింగా?

భయం. సంతోషం కూడా, దాచుకోను. అడిగాడుగా! వంశీ నన్ను అడిగాడు!

మార్చి 9, సోమవారం

పార్కింగ్ లాట్. కార్‌లో కూర్చుని రాస్తున్నాను. ఇంట్లో ఉండలేక ముందే వచ్చేశాను.

సరిగ్గా ఏడింటికి ఫోన్ మోగింది.

"ఫోన్ ఇప్పుడే ఆన్ జేసిన, నీ మెసేజ్ చూసిన. అవ్వలేదంటే ఏంది? లేటుగ మొదలైందా?" గొంతు బొంగురుగా ఉంది. నిద్రపోలేదు, పాపం.

ఇన్ని శనివారాలూ యూకో గొంతుతో ఎన్ని మాటలన్నానో. ప్రతిదానికీ ఒక పుస్తకం చేతిలో ఉండేది. దీనికి పుస్తకం లేదు. యాస పెడదామనుకున్నాను. పెట్టలేదు.

"వంశీ, రా," అన్నాను. "వచ్చెయ్యి. ఇక్కడికే."

గట్టిగా ఊపిరి వదిలాడు. తర్వాత, "అయ్యో," అన్నాడు.

"ఏంటి అయ్యో?"

"నో అని మెయిల్ కొట్టిన గదా నిన్న! ఎనిమిదికి ఆఫీసుకి రాంగనే మెయిల్స్ చూస్త అన్నది ఆఫర్ ఇచ్చిన హెచ్‌ఆర్ ఆమె. తొమ్మిదైంది నాకు. అంటే అక్కడ ఎనిమిది. చదివేసుంటది. ఖతం."

"ఎంతయింది నీకు?"

"తొమ్మిది అంటున్న గదా."

"ఇక్కడ ఏడు."

"ఏంది?"

"ఏడు, వంశీ! ఏడే! మీకు గంట జరిపారు, మాకు జరపలేదు! నిన్న నీ సినిమా అయిపోయేసరికి నాది సగంలో ఉంది! ఆమె ఇంకా రాలేదు! ఇక్కడింకా ఎవరూ రాలేదు, పార్కింగ్ ఖాళీ!" అరుస్తున్నాను, కార్ అద్దాల లోపల ఒక్కదాన్నే, స్టీరింగ్ మీద కొడుతూ. హారన్ మోగింది.

"ఆగు, ఆగు…" లాప్‌టాప్ తెరిచిన చప్పుడు. "ఏమని రాయాలె?"

"నిన్నటి మెయిల్ చూడొద్దని రాయి!"

"ఎందుకంటే ఏం చెప్పాలె? గడియారం అని రాయాల్నా?"

ఇద్దరం నవ్వుతున్నాం. నాకు కళ్ళనీళ్ళు. వాడు రాస్తూ పైకి చదువుతున్నాడు, నేను ఇంగ్లీష్ సరిచేస్తున్నాను, శనివారం చదువులాగే. పంపాడు. ఫోన్ కూడా చేశాడు ఆమెకి, వాయిస్‌మెయిల్‌కి పోయింది.

"రెండూ కలిపి చదివితే పిచ్చోడనుకుంటది."

"అనుకోనీ."

ఇప్పుడు ఏడూ యాభై. రోడ్డవతల వాళ్ళ బిల్డింగ్ ఇక్కణ్ణుంచే కనబడుతుంది. కార్లు ఒక్కొక్కటే వస్తున్నాయి. నీలం కార్‌లోంచి ఒకావిడ దిగింది, చేతిలో కాఫీ. ఈవిడేనా? తెలీదు. మొహం ఎప్పుడూ చూడలేదు. ఫోన్ చూసుకుంటూ నడుస్తోంది… అమ్మా, ఆ ఫోన్ లోపల పెట్టవమ్మా, నీకు పుణ్యముంటుంది.

వంశీ లైన్‌లోనే ఉన్నాడు. స్పీకర్‌లో వాడి ఊపిరి వినబడుతోంది.

"ఎంతయింది నీకాడ?"

"ఏడూ యాభై రెండు."

"పెట్టెయ్యకు."

"పెట్టను."